ఒక ఆంప్లిఫయర్‌కు రెండు జతల బాక్సులు కట్టవచ్చా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మా బ్యాచ్ వాళ్ళం చాలా ఆలోచించాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. మేము చేసిన ఒక పొరపాటు గురించి, దాని నుంచి నేర్చుకున్న పాఠం గురించి రాస్తే ఇప్పుడు హాస్టల్లో ఉన్నవాళ్ళకూ, ఇళ్ళలో హోం థియేటర్లు పెట్టుకున్న పాత మిత్రులకూ పనికొస్తుందనిపించింది. ఆ పాఠం సౌండు బాక్సులది.

కొన్నేళ్ళ క్రితం మేమంతా తలా కొంత వేసుకుని హాస్టల్‌కు ఒక స్టీరియో ఆంప్లిఫయర్, ఒక జత బాక్సులు కొనిచ్చాం. మరుసటి ఏడాది మాలో ఒకరు ఇంట్లో కొత్త సెట్టు పెట్టుకుని, పాత డెక్కు బాక్సుల జతను తెచ్చి ఇచ్చారు. రెండు బాక్సులకే ఇంత సౌండు వస్తే నాలుగు బాక్సులకు ఇంకెంత వస్తుందో అనుకున్నాం. ఆంప్లిఫయర్ వెనక ‘ఎ’, ‘బి’ అని రెండు వరుసల టెర్మినళ్ళున్నాయి. ముందువైపు ‘ఎ+బి’ అనే బటన్ ఉంది. ఇంకేం, నాలుగు బాక్సులూ వేదిక ముందు పెట్టి కట్టేశాం.

గంటన్నర బాగానే మోగింది. పాటలయ్యాయి, డాన్సులయ్యాయి. ఏడో తరగతి తమ్ముడొకడు పదిహేను రోజులుగా సాధన చేసిన ఉపన్యాసం చెప్పడానికి మైకు ముందుకొచ్చాడు. వాళ్ళమ్మ ఆ రోజు కూలి మానుకుని వచ్చి షామియానా చివర కూర్చుంది. వాడు రెండో వాక్యంలో ఉండగా సౌండు ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. వాడు మాత్రం ఆగలేదు. గొంతు పెంచి చివరిదాకా చెప్పాడు. మూడో వరుస దాటి ఎవరికీ వినపడలేదు. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు వాళ్ళమ్మ కూడా కొట్టింది. ఆమెకు ఒక్క ముక్కా వినపడలేదని మాకు తెలుసు.

మర్నాడు ఆంప్లిఫయర్‌ను పొదిలి తీసుకెళ్ళాం. రిపేరు చేసే పెద్దాయన మూత విప్పకముందే ఒక్క ప్రశ్న వేశాడు: “బాక్సులు ఎన్ని ఓమ్‌లు నాయనా?” మాలో ఎవరికీ తెలియదు. అందరం పదో తరగతిలో ఓమ్ నియమం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. ఆ రోజు సిగ్గుపడి తెలుసుకున్న సంగతులు, ఆ తరువాత చదివి, చేసి చూసినవి ఇక్కడ రాస్తున్నాం.

ఓమ్‌లు ముందు, వాట్లు తరువాత

బాక్సు వెనక చిన్న లేబుల్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వాట్లు, రెండోది ఓమ్‌లు. అందరం వాట్లే చూస్తాం. ఆ బాక్సు ఎంత శక్తిని తట్టుకోగలదో వాట్లు చెబుతాయి. ఆంప్లిఫయర్ మీద ఎంత బరువు వేస్తుందో ఓమ్‌లు చెబుతాయి. దీన్ని బాక్సు యొక్క అవరోధం అంటారు. ఇళ్ళలో వాడే బాక్సులు ఎక్కువగా 8, 6 లేదా 4 ఓమ్‌లవి. ఓమ్‌లు తగ్గే కొద్దీ ఆంప్లిఫయర్ మీద బరువు పెరుగుతుంది. ఇదే చాలామందికి తలకిందులుగా అర్థమయ్యే చోటు.

ఇప్పుడు పాఠ్యపుస్తకం గుర్తు చేసుకుందాం. సమాంతర సంధానంలో ఫలిత నిరోధం రెండింటిలో చిన్నదానికంటే కూడా తక్కువ ఉంటుంది. ‘ఎ+బి’ బటన్ నొక్కినప్పుడు చాలా ఆంప్లిఫయర్లలో జరిగేది ఇదే. ఎడమ చానల్‌కు రెండు ఎడమ బాక్సులు, కుడి చానల్‌కు రెండు కుడి బాక్సులు సమాంతరంగా కలుస్తాయి. మేము కొనిచ్చిన బాక్సులు 8 ఓమ్‌లవి, పాత డెక్కు బాక్సులు 4 ఓమ్‌లవి. రెండూ కలిస్తే 8ని 4తో గుణించి 12తో భాగించాలి. 2.67 ఓమ్‌లు వస్తుంది.

మార్కాపురం పలక మీద కూడికలు నేర్చుకున్న వాళ్ళం, ఈ లెక్క కూడా పలక మీద వేసుకోగలిగినంతే. ఆంప్లిఫయర్ ఒక చానల్‌కు 16 వోల్టులు ఇస్తోందనుకుందాం.

ఒక 8 ఓమ్‌ల బాక్సు ఉంటే 2 ఆంపియర్లు, 32 వాట్లు.
రెండు 8 ఓమ్‌ల బాక్సులు సమాంతరంగా ఉంటే ఫలితం 4 ఓమ్‌లు. 4 ఆంపియర్లు, 64 వాట్లు.
8, 4 ఓమ్‌ల బాక్సులు సమాంతరంగా ఉంటే ఫలితం 2.67 ఓమ్‌లు. 6 ఆంపియర్లు, 96 వాట్లు.

అంటే వాల్యూమ్ బటన్ కదపకపోయినా ఆంప్లిఫయర్ లోపలి ట్రాన్సిస్టర్ల గుండా పోయే కరెంటు మూడు రెట్లయింది. ఆ కరెంటుకు తగ్గ వేడి పుట్టింది. గంటన్నర ఆ వేడిని భరించి, చివరకు ఊపిరి వదిలింది. తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు. దాని వెనకే అచ్చు వేసి ఉంది. ఎ ఒక్కటి గాని బి ఒక్కటి గాని కడితే 4 నుంచి 16 ఓమ్‌లు, రెండూ కలిపి కడితే ఒక్కో బాక్సు 8 నుంచి 16 ఓమ్‌లు ఉండాలని. చాలా కంపెనీల సెట్ల వెనక ఇలాంటి మాటే ఉంటుంది. మేము చదవలేదు, అంతే.

కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న సెట్లకు వెనక లేబులే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు చేసిన మెకానిక్‌నే అడగాలి. బాక్సు మీద లేబుల్ చెరిగిపోతే మల్టీమీటరుతో చూడవచ్చు. 8 ఓమ్‌ల బాక్సు మీటరులో సుమారు 6 నుంచి 7, 4 ఓమ్‌ల బాక్సు సుమారు 3 నుంచి 3.5 చూపిస్తుంది. మీటరు చూపేది ఒట్టి తీగచుట్ట నిరోధం మాత్రమే కనుక కొంచెం తక్కువ వస్తుంది.

సీరీస్‌లో కడితే?

శ్రేణి సంధానంలో ఓమ్‌లు కూడతాయి. రెండు 8 ఓమ్‌ల బాక్సులు 16 ఓమ్‌లవుతాయి. ఆంప్లిఫయర్‌కు హాయి. కానీ అదే 16 వోల్టులకు ఒక్క ఆంపియరే పోతుంది. మొత్తం 16 వాట్లు, బాక్సుకు 8 చొప్పున. సెట్టు క్షేమం, సౌండు తక్కువ. పైగా రెండూ వేరువేరు రకాల బాక్సులైతే స్వరమే మారిపోతుంది. బాక్సు అవరోధం అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. ఒక చోట 8 ఉంటే ఇంకో చోట 20 కూడా కావచ్చు. సీరీస్‌లో ఉన్నప్పుడు ఒకదాని హెచ్చుతగ్గులు రెండోదాని వోల్టేజీని లాగేస్తుంటాయి. కనుక సీరీస్ కట్టేట్లయితే ఒకే కంపెనీ, ఒకే మోడల్ బాక్సులకే కట్టాలి.

కొన్ని ఆంప్లిఫయర్లలో ‘ఎ+బి’ బటనే సీరీస్‌గా కలుపుతుంది. మీ సెట్టు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. ‘ఎ’ జత మాత్రమే కట్టి, ‘బి’కి ఏమీ కట్టకుండా ‘ఎ+బి’ నొక్కండి. సౌండు ఆగిపోతే సీరీస్, ఆగకపోతే సమాంతరం.

మరి మైక్‌సెట్ ఆయనకు ఎందుకు కాలదు?

పెద్దాయనను మేము అడిగిన ప్రశ్న ఇది. తిరునాళ్ళలో, పెళ్ళిళ్ళలో మైక్‌సెట్ ఆయన ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు పది హారన్లు కడతాడు. తెల్లవార్లూ మోగినా ఏమీ కాదు. మేము నాలుగు బాక్సులు కడితే కాలిపోవడమేమిటి?

దానికి జవాబు, ఆ పద్ధతే వేరు. అహూజా వంటి కంపెనీల మైక్‌సెట్ ఆంప్లిఫయర్ల వెనక 4, 8, 16 ఓమ్‌ల టెర్మినళ్ళతో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని కూడా ఉంటాయి. హారన్ల లైను దానికి కడతారు. ప్రతి హారన్‌కూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 100 వోల్టుల లైనులో 10 వాట్ల హారన్ తీసుకునేది 0.1 ఆంపియరే. అంటే లైనుకు అది 1000 ఓమ్‌ల బరువు. అలాంటివి పది కట్టినా ఫలితం 100 ఓమ్‌లు, ఒక్క ఆంపియరు, 100 వాట్లు. మన కరెంటు స్తంభాల మీద ఎక్కువ వోల్టేజీతో, తక్కువ కరెంటుతో విద్యుత్తు పంపి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తగ్గించుకున్నట్లే ఇది. అందుకే మైక్‌సెట్ ఆయన ఓమ్‌లు లెక్కపెట్టడు, వాట్లు కూడుకుంటాడు. కూడిన వాట్లు ఆంప్లిఫయర్ వాట్లు దాటకుండా చూసుకుంటాడు.

ఇక్కడొక హెచ్చరిక. ఇంట్లో వాడే 8 ఓమ్‌ల బాక్సును తెచ్చి ఆ 100 వోల్టుల టెర్మినల్‌కు కట్టకూడదు. లెక్క వేస్తే 1250 వాట్లు లాగాలని చూస్తుంది. బాక్సన్నా పోతుంది, సెట్టన్నా పోతుంది.

నాలుగు బాక్సులకు సౌండు రెట్టింపా?

కాదు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్‌లు. అది తేడా తెలిసేంత పెరుగుదలే గాని రెట్టింపు కాదు. మన చెవికి సౌండు రెట్టింపయినట్లు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అంటే పది రెట్ల వాట్లు కావాలి. ఒకే రకం బాక్సులను పక్కపక్కనే ఆనించి పెడితే లోతైన స్వరాలు, అంటే డోలు, తబలా దెబ్బలు, మరికొంత బలపడతాయి. సన్నని స్వరాల సంగతి అలా ఉండదు. దాని గురించి కిందే చెబుతాం.

దూరం లెక్క ఇంకా కఠినం. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ముందు వరుస బాక్సులకు 10 అడుగుల్లో, చివరి వరుస 40 అడుగుల్లో ఉంటే చివరివాళ్ళకు 12 డెసిబెల్‌లు తక్కువ అందుతుంది. దాన్ని వాట్లతోనే పూడ్చాలంటే 16 రెట్ల శక్తి కావాలి. అప్పుడు ముందు కూర్చున్న మూడో తరగతి పిల్లల చెవులు చిల్లులు పడతాయి. కాబట్టి చివరి వరుసకు వినిపించాలంటే పెట్టెల సంఖ్య కంటే అవి ఉన్న చోటు, ఎత్తు ముఖ్యం.

రెండు పెట్టెలు ఒకే మాట చెబితే

స్టీరియో అంటే అసలు రెండు వేరువేరు శబ్దాలు. ఇంగ్లండు ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో దీనికి పేటెంటు దరఖాస్తు చేశాడు. 1933లో అమెరికాలో బెల్ ప్రయోగశాల వారు ఫిలడెల్ఫియాలో వాయించిన వాద్యబృందం శబ్దాన్ని మూడు వేరువేరు లైన్ల మీద వాషింగ్టన్‌కు పంపి, వేదిక మీద మూడు స్పీకర్లలో వినిపించారు. ఎడమది ఎడమే, మధ్యది మధ్యే, కుడిది కుడే. ఇప్పటి 5.1 హోం థియేటర్‌లోనూ అంతే. ఒక్కో పెట్టెకు ఒక్కో పని ఉంటుంది. కానీ మనం రెండో జత ముందు బాక్సులు కలిపినప్పుడు కొత్త శబ్దమేమీ చేరదు. ఉన్న శబ్దమే రెండు చోట్ల నుంచి వస్తుంది.

అప్పుడు ఏమవుతుందో మనం వ్యతికరణం పాఠంలో చదువుకున్నాం. రెండు తరంగాల సంపీడనాలు కలిస్తే బలపడతాయి. ఒకదాని సంపీడనం, ఇంకోదాని విరళీకరణం కలిస్తే చెరిగిపోతాయి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఒక బాక్సు మీకు రెండోదానికంటే 17 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త తక్కువ, దగ్గరగా ఉందనుకోండి. 1000 హెర్ట్జ్ స్వరానికి ఆ తేడా సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం. అక్కడ ఆ స్వరం పడిపోతుంది. 3000 దగ్గర, 5000 దగ్గర కూడా అంతే. మధ్యలో 2000, 4000 దగ్గర మాత్రం బలపడుతుంది. దువ్వెన పళ్ళలాగా ఒకటి ఉండి ఒకటి లేకుండా పోతుందన్నమాట. ఒక అడుగు పక్కకు జరిగితే ఆ పళ్ళు ఇంకోచోటికి మారతాయి.

స, శ, చ వంటి అక్షరాల స్పష్టత ఎక్కువగా 2000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. అందుకే నాలుగు బాక్సులు దూరదూరంగా పెట్టిన సభలో ‘సౌండు బాగా ఉంది గాని మాట తెలియడం లేదు’ అంటారు. పాటకు ఫరవాలేదు, ఉపన్యాసానికి ఇదే పెద్ద నష్టం. మేము నాలుగు బాక్సులనూ ఆరేసి అడుగుల ఎడంతో వరుసగా పేర్చాం. సెట్టు కాలకపోయినా ఆ తమ్ముడి మాట చివరిదాకా స్పష్టంగా అందేది కాదని ఇప్పుడు తెలుసు.

ఇది స్వయంగా వినవచ్చు. రేడియోలో స్టేషన్ లేని చోట వచ్చే ‘ష్’ శబ్దాన్ని మోనోలో పెట్టి, ఒకే వైపు రెండు బాక్సులను నాలుగడుగుల ఎడంతో ఉంచి, వాటి ముందు అడ్డంగా మెల్లగా నడవండి. అడుగడుక్కీ ‘ష్’ స్వరం మారుతూ ఉంటుంది. ఒక బాక్సు తీసేస్తే మారదు.

విరుగుడు ఉందా అంటే ఉంది. రెండు జతలూ ముందే ఉండాలంటే పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పెట్టాలి. పైదాన్ని తలకిందులు చేస్తే రెండు ట్వీటర్లూ దగ్గరకు వస్తాయి. జనం కూర్చునేది అడ్డంగా కదా. పెట్టెలు నిలువుగా ఉంటే, వినేవాళ్ళు ఎడమకు జరిగినా కుడికి జరిగినా రెండు పెట్టెలకూ వాళ్ళ దూరం దాదాపు సమానంగానే ఉంటుంది. 1970లలో అమెరికాలో సంగీత ప్రియులు అడ్వెంట్ కంపెనీ బాక్సులను రెండు జతలు ఇలాగే ఒకదానిపై ఒకటి పేర్చుకుని వినేవారు. మార్క్ లెవిన్సన్ తన ఖరీదైన సెట్టులో క్వాడ్ కంపెనీ స్పీకర్లను జతలుగా పేర్చాడు. అవన్నీ ఒకే మోడల్ జతలు. వేరువేరు రకాలను పేర్చి ప్రయోజనం లేదు.

ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్

ఒక బాక్సు వైరు తారుమారైతే ఒక కోను ముందుకొచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది. అప్పుడు డోలు దెబ్బ చచ్చిపోతుంది. పాడేవారి గొంతు మధ్యలో నిలబడకుండా గాలిలో తేలుతున్నట్లుంటుంది. నాలుగు బాక్సులుంటే ఈ పొరపాటుకు అవకాశాలు ఎక్కువ. దీనికి టార్చిలైటు సెల్లు చాలు. వైర్లు ఆంప్లిఫయర్ నుంచి విప్పేసి, 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌ను బాక్సు ప్లస్ వైరుకు, మైనస్‌ను మైనస్ వైరుకు ఒక్క క్షణం తాకించండి. పెద్ద స్పీకర్ కోను ముందుకు వస్తే సరి, వెనక్కి పోతే వైరు తారుమారైనట్లు. ఎక్కువసేపు పట్టుకోవద్దు. పరీక్షయ్యాక ప్లస్ వైరుకు ఎర్రదారం కట్టుకుంటే మళ్ళీ వెతుక్కునే పని ఉండదు.

ఇంట్లో ఎలా?

ఇళ్ళు కట్టుకున్న పాత మిత్రుల కోసం మా సలహా ఇది.

1. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున్న హాలుకు ఒక మంచి జత చాలు. పాతవీ కొత్తవీ కలిపి ముందు పెడితే ఘంటసాల గొంతు కూడా నాలుగు ముక్కలై వినపడుతుంది. ట్వీటరు కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండేలా, గోడ మూలకు మరీ ఆనకుండా ఆ ఒక్క జతనే సరిగా పెట్టుకోండి.

2. పాత జతను పారేయక్కర్లేదు. ‘బి’కి కట్టి వంటింట్లోనో వరండాలోనో పెట్టుకుని, ఎప్పుడు ఏది కావాలంటే అది వాడుకోవచ్చు. ఒకసారికి ఒక జతే కనుక సెట్టుకు బరువు లేదు. రెండూ ఒకేసారి మోగాలంటే మాత్రం పైన చెప్పిన ఓమ్‌ల లెక్క తప్పదు.

3. రెండు జతలూ తరచుగా కలిసి మోగాలంటే అన్నిటికంటే క్షేమమైన దారి రెండో ఆంప్లిఫయర్. మొదటిదాని ‘టేప్ అవుట్’ లేదా ‘ప్రీ అవుట్’ నుంచి రెండోదానికి సిగ్నల్ వైరు ఇవ్వండి. ఎవరి బరువు వాళ్ళే మోస్తారు. టేప్ అవుట్ నుంచి ఇస్తే రెండోదాని వాల్యూమ్ విడిగా పెట్టుకోవాలి.

4. కొన్ని బాక్సుల వెనక నాలుగు టెర్మినళ్ళుంటాయి. అవి వూఫర్‌కు, ట్వీటర్‌కు విడివిడిగా వైరు ఇచ్చేందుకు. వాటిని చూసి రెండు బాక్సులని లెక్కపెట్టకండి. మధ్యనున్న రేకు బద్దీ తీయకుండా రెండు ఆంప్లిఫయర్లు మాత్రం కట్టకండి.

హాస్టల్లో ఎలా?

వార్షికోత్సవానికైనా, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికైనా మన ఆవరణలో షామియానా పొడవు 60 అడుగుల దాకా ఉంటుంది. ఇక్కడ రెండో జతకు నిజంగా పని ఉంది. అయితే ఆ పని ముందు సౌండు పెంచడం కాదు, వెనకవాళ్ళకు మాట అందించడం.

మొదటి జతను వేదికకు రెండు పక్కలా, బల్లల మీదో స్టాండ్ల మీదో ఏడెనిమిది అడుగుల ఎత్తున పెట్టి, ముఖం కొంచెం చివరి వరుసల వైపు వంచండి. తలల మీదుగా శబ్దం వెనక్కి పోతుంది, ముందు పిల్లలకు పోటు తగ్గుతుంది. స్టాండును తాడుతో కట్టడం మరవద్దు. గాలికి బాక్సు పడితే పిల్లల తలల మీదే పడుతుంది.

రెండో జతను వేదికకు 30 అడుగుల దూరంలో, అదే దిక్కుకు, అంటే జనం వెనక వైపుకు తిప్పి పెట్టండి. దానికి విడి ఆంప్లిఫయర్ ఉండాలి, వాల్యూమ్ తక్కువ ఉండాలి. ధ్వని సెకనులో వెయ్యో వంతుకు సుమారు ఒక అడుగు పోతుంది. కాబట్టి వేదిక దగ్గరి బాక్సుల శబ్దం రెండో జత దగ్గరకు వచ్చేసరికి వెయ్యింట 30 వంతుల సెకను ఆలస్యమవుతుంది. వైరులో వచ్చే సిగ్నల్‌కు ఆలస్యం లేదు. ఈ తేడా కొద్దిగా ఉన్నంతవరకు మన చెవి రెండింటినీ ఒకే మాటగా కలుపుకుంటుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ 1949లో దీన్ని పరిశోధించి రాశాడు. వెయ్యింట 50 వంతులు దాటితే ఉపన్యాసంలో మాట మీద మాట పడటం మొదలవుతుంది. కనుక రెండో జతను 40 అడుగులు దాటి పెట్టకండి. ఇప్పటి చిన్న డిజిటల్ మిక్సర్లలో ‘డిలే’ ఉంటుంది. అది ఉంటే రెండో జతకు 40 మిల్లీసెకన్లు పెట్టండి. అప్పుడు మాట వేదిక మీది నుంచే వస్తున్నట్లుంటుంది.

వైరు సంగతి కూడా చూసుకోవాలి. సన్నని వైరు చవక, కానీ అదే కొంత సౌండు తినేస్తుంది. 50 అడుగుల దూరానికి పోనూ రానూ 100 అడుగుల రాగి తీగ. అర చదరపు మిల్లీమీటరు వైరైతే సుమారు ఒక ఓమ్ నిరోధం. 4 ఓమ్‌ల బాక్సుకు వెళ్ళే వోల్టేజీలో ఐదో వంతు దారిలోనే పోతుంది. చదరపు మిల్లీమీటరున్నర వైరు వాడితే ఆ నిరోధం మూడో వంతుకు తగ్గుతుంది.

మరచిపోకూడని జాగ్రత్తలు

ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు తీసి బాక్సు వైర్లు కట్టండి. మోగుతుండగా కట్టకండి.
వైరు చివర పోగులు మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా షార్టే.
ఆంప్లిఫయర్ మీద దుప్పటి, దండలు, పుస్తకాలు పెట్టకండి. చుట్టూ గాలి ఆడాలి.
సౌండు బొంగురుగా, చీలినట్లు వస్తే వెంటనే వాల్యూమ్ తగ్గించండి. ముందు కాలేది ట్వీటరే.
మోగుతున్న సెట్టు మధ్యమధ్యలో తనంతట తాను ఆగుతుంటే అది బరువు ఎక్కువైందని చెబుతోంది. మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకుండా ఒక జత విప్పేయండి.
ధ్వని కాలుష్య నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పక్కవీధిలోనూ పదో తరగతి పరీక్షలకు చదివే పిల్లలుంటారు.

చివరి వరుసలో కూర్చుని చూడండి

ఇన్ని లెక్కలూ చేశాక ఒక్క పరీక్ష మిగిలి ఉంటుంది. సభకు ముందు మైకులో పాట పెట్టకండి. ఒక తమ్ముడికి ఆ రోజు దినపత్రిక ఇచ్చి మామూలు గొంతుతో చదవమనండి. మీరు వెళ్ళి చివరి వరుసలో, ఆ చివరి కుర్చీలో కూర్చోండి. చదివినది ప్రతి మాటా తెలిస్తే మీ సౌండు బాగున్నట్లు. ముందు వరుసలో అతిథుల కుర్చీలో కూర్చుని ‘బాగుంది’ అనుకోవద్దు. మేము చేసిన తప్పుల్లో అది కూడా ఒకటి.

రిపేరుకు 1,800 రూపాయలయింది. అది మేమే వేసుకుని కట్టాం. మరుసటి ఏడాది ఒక చిన్న పాత ఆంప్లిఫయర్ సంపాదించి, డెక్కు బాక్సులను దానికి కట్టి షామియానా మధ్యలో పెట్టాం. ఆ తమ్ముడు ఎనిమిదో తరగతికి వచ్చాడు, ఆ ఏడాది కూడా మాట్లాడాడు. చివరి వరుసలో నిలబడి విన్నాం. ప్రతి మాటా తెలిసింది. వాళ్ళమ్మకు ఆ రోజు పని దొరికిందట, రాలేకపోయింది.

మన హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు ఎక్కువమంది ఒక రోజు కూలి వదులుకుంటేనే సభకు రాగలుగుతారు. వచ్చి ఎక్కువగా వెనకే కూర్చుంటారు. వాళ్ళకు తమ బిడ్డ మాట వినిపించడం మన బాధ్యత. తమ్ముళ్ళూ, ఈ ఏడాది బాక్సులు కట్టే ముందు వాటిని తిప్పి వెనక లేబుల్ ఒక్కసారి చదవండి. పుస్తకంలో చదివిన ఓమ్ నియమానికి అంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. మీ వార్షికోత్సవం చక్కగా జరగాలని, మీ మాట చివరి వరుసదాకా వినిపించాలని కోరుకుంటున్నాం.

– పూర్వ విద్యార్థులు